మట్టి పడ్డాక మాటల్లేవు

మా అత్తగారు వెలియాతో ఊరు చూడడానికి బయల్దేరే చుట్టాలకి నేనిచ్చే సలహా ఒక్కటే: మంచి బూట్లు వేసుకోండి. ఇటలీలో మా సియెనా ఎలాగూ ఎగుడుదిగుడు ఊరే. కానీ ఆవిడ వెంట నడిచినవాళ్ళ కాళ్ళు బొబ్బలెక్కడానికి కారణం కొండ కాదు, ఆవిడే.

సంగతేమిటంటే మా పేటకీ పక్క పేటకీ పడదు. ఎప్పట్నుంచి పడదు, ఎందుకు పడదు అని నలుగుర్ని అడిగితే నాలుగు కథలు చెబుతారు, నాలుగింట్లోనూ తప్పు వాళ్ళదే. ఆ పేట పేరు అత్తగారు నోటితో పలకదు. 'అవతలివాళ్ళు' అంటుంది. ఆవిడ చేతి కూడు తింటున్నవాణ్ణి గనక నేనూ పలకను. మా పేట పేరు చెబితే వాళ్ళ పేరేమిటో ఈ ఊళ్ళో చంటిపిల్లలైనా చెప్పేస్తారు కాబట్టి అదీ చెప్పను.

నా పేరు దారియో. బస్సు నడుపుతాను. నేను పుట్టింది గ్రోస్సేతోలో, సముద్రం దగ్గర. ఇక్కణ్ణించి బస్సులో గంటన్నర. నారాని పెళ్ళి చేసుకుని ఇల్లరికం వచ్చి ముప్ఫై ఏళ్ళు కావస్తోంది. అయినా అత్తగారి లెక్కలో నేను నిన్న సాయంత్రం సంచీ పట్టుకుని దిగిన పరదేశిని. ఈ ఊళ్ళో పేటలో పుట్టిన బిడ్డకి పేట ఫౌంటెన్ దగ్గర నెత్తిన నీళ్ళు పోసి, మెడకి పేట రుమాలు కడతారు. చర్చిలో బాప్తిజం వేరు, ఇది వేరు. దేవుడి బాప్తిజం ఆలస్యమైనా ఊరుకుంటారు, ఇది ఆలస్యమైతే ఊరుకోరు. నా నెత్తిన ఏ పేట నీళ్ళూ పడలేదు. నాకూ పోయించమని నారా చాలాసార్లు అడిగింది. "ముందు ఇతగాడికి పీచి చెయ్యడం రానీ" అనేది అత్తగారు. పీచి అంటే చేత్తో పాకించే లావుపాటి సేమ్యాలాంటిది. నాకు ఇప్పటికీ రాలేదు.

ఆవిడ పుట్టింది మా పేట గుర్రపుశాల పైనున్న ఇంట్లో. ఇప్పుడు మేమంతా ఉండేది కూడా అక్కడే. చిన్నప్పుడే మిఠాయి ఫ్యాక్టరీలో చేరి, బాదంపప్పు, తేనె, మసాలా కలిపి పన్‌ఫోర్తే ఒత్తే బల్ల దగ్గర నిలబడింది. పెన్షన్ వచ్చేదాకా ఆ బల్ల వదల్లేదు. మామగారి పేరు ఇవో, మా పేట జెండాలు గాల్లోకి ఎగరేసి పట్టేవాళ్ళలో మొనగాడు. నేనొచ్చేనాటికి ఆయన నడుం పోయింది గానీ, వీధిలో కుర్రాళ్ళు జెండా ఎగరేస్తుంటే కిటికీలోంచి తిట్టే హక్కు చివరిదాకా ఆయనదే. ఆయన పోయాక అత్తగారు ఇంట్లో కూర్చుని కుమిలిపోలేదు. పేట వంటశాలకి వెళ్ళి గరిటె అందుకుంది. పేటల మధ్య గుర్రప్పందెం జరిగే ముందు రోజు వీధి పొడవునా బల్లలు వేసి పేటంతా భోంచేస్తుంది, ఆ వంటకి అప్పట్నుంచీ పెద్ద ఆవిడే. ఉప్పు ఎక్కువైందన్నవాడు మా పేటలో ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా బయటికి చెప్పడు.

కిందటిసారి మేం పందెం గెలిచినప్పుడు అరవై దాటిన ఆ మనిషి నోట్లో చంటిపిల్లల పాలపీక పెట్టుకుని ఊరంతా ఊరేగింది. గెలిచిన పేట ఆ రోజు కొత్తగా పుట్టినట్టు లెక్క. ఆ ఫోటో వంటింట్లో ఆవిడ పెళ్ళిఫోటో పక్కనే ఉంటుంది, దానికంటే కాస్త ఎత్తులో.

ఇక ఫోస్కా గురించి చెప్పాలి. ఆవిడ అవతలి పేట వంటశాలకి పెద్ద. బళ్ళో ఇద్దరూ ఒకే బెంచీ, ఫ్యాక్టరీలో ఒకే బల్లకి అటూ ఇటూ. ఏడాది పొడుగునా కాఫీ ఇక్కడైతే కబుర్లు అక్కడ. నారా పుట్టినప్పుడు ముందు ఎత్తుకున్నది ఫోస్కాయేనట. కానీ పందెం కోసం ఊరి మధ్య కాంపో మైదానంలో రాళ్ళ మీద మట్టి పరిచారా, అంతే. మట్టి పడ్డాక మాటల్లేవు. ఎదురుపడితే ఇద్దరూ చెరో గోడ వంకా చూసుకుంటూ పోతారు. పందెం అయిపోయి, మట్టి ఎత్తేసిన మర్నాడు ఫోన్ మోగుతుంది. "వెలియా, కాఫీ పెట్టాను, రా." మధ్యలో ఏమీ జరగనట్టే వెళ్ళిపోతుంది. మట్టి రోజుల్లో మాత్రం అవతలివాళ్ళ వీధిలో ఆవిడ కాలు పడదు, డెబ్బై ఏళ్ళుగా పడలేదు.

అలాంటి రోజుల్లోనే బెన్వా, ఆయన భార్య మార్తీన్ బెల్జియం నుంచి దిగారు.

మా అమ్మాయి జూలియా షార్లెరువాలో చదువుకున్నప్పుడు ఏడాదంతా వాళ్ళింట్లోనే ఉంది. మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే మార్తీన్ దానికి తల దువ్వి, సూపు తాగించి, ఆస్పత్రికి వీల్‌చైర్లో తోసుకెళ్ళింది. అద్దె మాటెత్తితే బెన్వా కోప్పడ్డాడట. "మా అమ్మ సియెనా పిల్ల. ఆ ఊరి పిల్ల దగ్గర అద్దె తీసుకుంటే అమ్మ నన్ను గడప తొక్కనిస్తుందా?" అన్నాడట. ఆ అమ్మది సియెనాలో ఏ పేట అని మా జూలియా అడగనే లేదు. ఈ ఊళ్ళో పుట్టి ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఏడాది గడిపిందంటే అది ముమ్మాటికీ నా పోలికేనని అత్తగారు తర్వాత తేల్చింది.

"నా మనవరాలికి తల దువ్విన ఇల్లు. వీళ్ళకి ఊరు నేనే చూపిస్తా" అని అత్తగారు వంటశాల తాళాలు ఇంకొకరికిచ్చి మరీ బయల్దేరింది. నాకు సెలవు పెట్టించి వెంట తిప్పుకుంది. సంచులు మొయ్యడానికి.

ముందు గుర్రపుశాల. గుర్రం ఇంకా రాలేదు, ఏ పేటకి ఏ గుర్రమో చీటీలు తియ్యాలి, అయినా ఖాళీ శాలలో సున్నం వేసిన గోడలు చాలాసేపు చూపించింది. ఏ గుర్రం ఏ మూల పడుకుందో, ఏది గెలిచిందో, ఏది మోసం చేసిందో అన్నీ చెప్పింది. తర్వాత వంటశాల. నిలువెత్తు గుండిగలు చూసి మార్తీన్ ఫోటోలు తీసుకుంది. తర్వాత మా పేట చర్చి. పందెం రోజు గుర్రాన్ని లోపలికి తెచ్చి దీవిస్తారని, అప్పుడది అక్కడే పేడ వేస్తే అంతకంటే శుభం లేదని అత్తగారు చెబితే బెన్వా నవ్వలేదు. "మా అమ్మ కూడా అదే చెప్పేది" అన్నాడు. ఆయన మాట్లాడేది అమ్మ నేర్పిన సియెనా మాట. అందులో మా ఊళ్ళో ముసలివాళ్ళు కూడా మర్చిపోయిన పదాలు ఉన్నాయి.

దేశదేశాలవాళ్ళు వచ్చి గంటలు గంటలు చూసే పెద్ద చర్చి ముందు అత్తగారు రెండు నిమిషాలు నిలబడింది. "చలవరాయి. బాగుంటుంది. చూశారుగా, పదండి."

కాంపోలో లారీలు మట్టి దింపుతున్నాయి. అత్తగారు వంగి, పచ్చి మట్టిని అరచేత్తో తట్టి, ఆ చేతిని ముద్దుపెట్టుకుంది. అక్కడున్న వాళ్ళంతా అదే పని చేస్తున్నారు, బ్యాంకు మేనేజరు కూడా. బెన్వా కూడా వంగి ముట్టుకున్నాడు. ఆయన చెయ్యి చాలాసేపు మట్టి మీదే ఉంది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మార్తీన్ కాళ్ళు మొరాయించాయి. ఆవిడ చేతిలో మ్యాపు ఉంది. ఫ్రెంచిలో ఏదో అడిగింది, బెన్వా మాకు చెప్పాడు. "ఇటు తిన్నగా వెళ్తే ఇల్లు పక్కనే కదా, మనం కొండ దిగి మళ్ళీ కొండెందుకు ఎక్కుతున్నాం అంటోందండీ."

"ఆ మ్యాపు వేసినవాడు ఈ ఊరివాడు కాదమ్మా" అంది అత్తగారు.

"మరి ఇక్కడ వీధి ఉంది కదా?" అన్నాడు బెన్వా.

"లేదు."

"మనుషులు వెళ్తున్నారు."

"వెళ్ళనీ. వాళ్ళ ఖర్మ."

మార్తీన్ మ్యాపు మడిచి నా సంచీలో పడేసింది. మూడో వంతు ఊరు చూడకుండానే ఊరంతా చూసేశామని అత్తగారు ఆ సాయంత్రం ప్రకటించింది. తప్పు చేస్తున్నానని ఆవిడకి అనిపించలేదు, ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికీ అనిపించదు.

రాత్రి భోజనంలో పీచి, అడవిపంది మాంసం కూర. ఎర్ర వైన్ మా మామగారి దోస్తు తోటది. రెండో గ్లాసుకి అత్తగారు హుషారెక్కింది. "నాయనా, నా మనవరాల్ని కళ్ళల్లో పెట్టుకు చూశావ్. ఈ ఊళ్ళో ఏం చూడాలో అడుగు. చూపించకపోతే నా పేరు వెలియా కాదు."

"ఒక్కటే ఉందండీ" అన్నాడు బెన్వా. జేబులోంచి మడతపెట్టిన గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. సిల్కు రుమాలు, మడతల దగ్గర చిరుగుపట్టింది.

నారా చేతిలో గిన్నె ఆగిపోయింది. నేను లేచి వెళ్ళి కిటికీ తలుపులు మూశాను. రొట్టెకీ జున్నుకీ మధ్య, మా ఇంట్లో, మా బల్ల మీద, అవతలివాళ్ళ రంగులు.

అత్తగారు పొయ్యి దగ్గరికెళ్ళి పట్టకారు తెచ్చింది. రుమాలుని ఓ కొసన పట్టి ఎత్తి, ఖాళీగా ఉన్న మామగారి కుర్చీ వీపు మీద వేసింది. జాగ్రత్తగానే వేసింది, నేల తగలనివ్వలేదు. చెయ్యి మాత్రం తగలనివ్వలేదు.

"మీ అమ్మదా?"

"అవునండీ. అసుంతా. చెప్పులు కుట్టే నాజరెనో కూతురు. తాతయ్య బొగ్గుగనుల్లో పనికని బెల్జియం వచ్చేశాడు, అప్పటికి అమ్మ చిన్నపిల్ల. మొన్న చలికాలంలో పోయింది." ఆయన కుర్చీ మీది రుమాలు వంక చూశాడు. "తనకి నీళ్ళు పోసిన ఫౌంటెన్‌లో ఈ రుమాలు తడిపి నన్ను కట్టుకోమంది. నేను చెయ్యాల్సిందదొక్కటే. మీరింత పొద్దు తిప్పారు గానీ ఆ ఫౌంటెన్ ఎక్కడా కనిపించలేదు."

"కనిపించదు" అంది అత్తగారు.

నేను ఆయనకి సంగతంతా విడమరిచి చెప్పాను. బెన్వా ముఖం ఎర్రబడింది. "క్షమించండి. నాకు తెలీదు. అయితే నేనొక్కణ్ణే వెళ్ళొస్తాను."

"ఒక్కడివే ఎలా వెళ్తావ్? మట్టి పడిపోయింది. మా గుమ్మంలోంచి బయటికొచ్చిన మనిషి వాళ్ళ రంగులు పట్టుకుని వాళ్ళ ఫౌంటెన్ దగ్గరికెళ్తే వెక్కిరించడానికి వచ్చాడనుకుంటారు. నాలుగు తగులుతాయి. మావాళ్ళైనా అంతే చేస్తారు."

"మట్టి తీసేశాక వెళ్ళచ్చా?"

"వెళ్ళచ్చు. నువ్వెప్పటిదాకా ఉంటావ్?"

"ఎల్లుండి పొద్దున మా బస్సండీ. సరే, ఇంకోసారి వస్తాంలెండి." తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "అమ్మ కూడా అంతే. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనేది."

నారా తల్లి వైపు వంగి గొంతు తగ్గించింది. "అమ్మా, పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. నువ్వా వీధిలో కాలు పెట్టావని తెలిస్తే వంటశాల లాగేసుకుంటారు. ఈ ఏడు ఓడిపోయామో, చచ్చేదాకా నీ వల్లే అంటారు."

"నోర్మూసుకుని జున్ను కొయ్యి" అంది అత్తగారు.

ఆవిడ నిద్రపోలేదని పొద్దున కళ్ళు చూస్తే తెలిసింది. కాఫీ తాగుతూ తేల్చేసింది. "మధ్యాహ్నం వెళ్తున్నాం."

"పెందరాళే వెళ్దాం అత్తయ్యా, వీధుల్లో ఎవరూ ఉండరు" అన్నాను.

"చాటుగా వెళ్ళడానికి మనమేమన్నా దొంగలమా?"

వంటశాల ఏప్రన్ కట్టుకుంది. పండగ పోగులు పెట్టుకుంది. మా రుమాలు మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. ముందు ఆవిడ, వెనక అమ్మ రుమాలు కోటు లోపల దాచుకున్న బెన్వా, ఆయన వెనక మార్తీన్, చివర నేను. నడిబజారులో నడిచాం. రొట్టెల కొట్టు దగ్గర మావాళ్ళు పలకరించారు. "ఎక్కడికి వెలియా?" "ఊరు చూపిస్తున్నా" అంది ఆగకుండా.

మా పేట ఎక్కడ అయిపోతుందో గోడ మీద చిన్న పలక చెబుతుంది. అటు పక్క గోడ మీద వాళ్ళ పలక. మధ్యలో నేల మీద ఒక వెడల్పాటి రాయి. అత్తగారు ఆ రాయి అంచున బూటు కొస ఆనించి నిలబడిపోయింది. అడుగు ముందుకు పడలేదు. ఇంత దూరం వచ్చి ఇక్కడితో సరా అనుకున్నాను.

"అల్లుడూ, వెళ్ళి ఫోస్కాని పిలుచుకురా."

"నేనా?"

"ఇంకెవరు? నీ నెత్తిన ఎవరి నీళ్ళూ పడలేదు. నువ్వు మావాడివీ కావు, వాళ్ళవాడివీ కావు. ముప్ఫై ఏళ్ళకి ఇవాళ పనికొచ్చావ్."

వెళ్ళాను. వీధిలో కుర్రాళ్ళు తలలెత్తి చూశారు, నేనెవర్నో గుర్తుపట్టి మళ్ళీ దించుకున్నారు. డ్రైవరు, గ్రోస్సేతోవాడు, లెక్కలోకి రాడు. ఫోస్కా వంటశాల గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తోంది. నన్ను చూసి, "ఏం గ్రోస్సేతో, దారి తప్పావా? సముద్రం అటు" అంది. నేను రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. ఒళ్ళో చిక్కుళ్ళు గిన్నెలోకి దులిపేసుకుని లేచింది.

రాయికి అటు ఫోస్కా, ఇటు వెలియా. చెయ్యి చాపితే అందేంత దూరం. ఆవిడ అటు గోడకేసి, ఈవిడ ఇటు గోడకేసి చూస్తున్నారు. మధ్యలో రాయి మీద నేను.

"అల్లుడూ, ఆవిడకి చెప్పు. ఈ బాబు నా ఇంటి అతిథి. వీళ్ళమ్మ వాళ్ళ పేట పిల్ల."

ఫోస్కా కదల్లేదు. "ఏంటన్నారు?" అంది నాతో.

"వినబడింది కదా పెద్దమ్మా."

"నాకు చెముడు లేదు నాయనా. కానీ నువ్వు చెప్పాకే విన్నట్టు లెక్క."

చెప్పాను. ఫోస్కా అడిగింది. "ఎవరి పిల్లట?"

"చెప్పులు కుట్టే నాజరెనో కూతురు, అసుంతా."

అప్పుడు ఫోస్కా గోడని వదిలేసి బెన్వాని చూసింది. రాయి అంచు దాకా వచ్చి, చెయ్యి చాపి ఆయన గడ్డం పట్టి ముఖం పక్కకి తిప్పి చెవి చూసింది. "నాజరెనో చెవులే. మెట్ల పక్క ఇల్లు. అసుంతా నా జడ లాగేది. లాగి, తర్వాత అదే మళ్ళీ అల్లేది. ఒకరోజు పొద్దున లేచేసరికి వాళ్ళ గుమ్మానికి తాళం. మా అమ్మ చెప్పలేదు ఎక్కడికెళ్ళారో." చెయ్యి తీసి ఏప్రన్‌కి తుడుచుకుంది. "బతికుందా?"

బెన్వా తల అడ్డంగా ఊపాడు. కోటు లోపలి నుంచి రుమాలు తీసి చూపించాడు.

ఫోస్కా మళ్ళీ గోడకేసి తిరిగింది. "దారియో, మీ అత్తకి చెప్పు. మా పిల్లాణ్ణి తెచ్చి రెండు రోజులు ఆవిడ ఇంట్లో ఎందుకు దాచిపెట్టుకుందట?"

"దాచలేదని చెప్పు. భోజనం పెట్టానని చెప్పు. అక్కడ దొరకని భోజనం."

"ఉప్పు ఎక్కువేసుంటుంది."

ఇది నేను అత్తగారికి చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. కానీ మింగేసింది, ఆవిడ మింగడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"అల్లుడూ, చెప్పు. ఎలా తీసుకెళ్తారో అలా తెచ్చి, ఈ రాయి దగ్గరే నాకు అప్పజెప్పాలి."

"అదెలా కుదురుతుందో అడుగు" అంది ఫోస్కా. "ఇప్పుడు వెళ్ళేది బెల్జియం వాడు. ఆ నీళ్ళ దగ్గర్నుంచి వచ్చేది మావాడు. మట్టి రోజుల్లో మావాడికి ఆవిడ ఇంట్లో మంచం ఉంటుందా? ఆవిడకి ఇష్టమేనా?"

బెన్వా వెంటనే, "అక్కర్లేదండీ, నేను రుమాలు తడుపుకుని వచ్చేస్తాను, నీళ్ళు పోయించుకోను" అన్నాడు వెలియాతో.

అత్తగారు ఆయన వంక చూసింది. "నోరు మూసుకో బాబూ. నువ్వు నీ తల్లి కొడుకువి." తర్వాత నాతో అంది, స్పష్టంగా, రొట్టెల కొట్టు దాకా వినిపించేలా. "ఇష్టమేనని చెప్పు."

వాళ్ళు ముగ్గురూ వీధి మలుపు తిరిగి కనుమరుగయ్యారు. నేను వెంట వెళ్ళబోతే అత్తగారు చొక్కా పట్టుకుని ఆపింది. "నువ్వుండు. నాకూ ఎవరో ఒకరు తోడుండాలి." ఫౌంటెన్ ఆ మలుపు అవతల. మాకు కనిపించదు. అప్పటికే మా పేటవాళ్ళు కొందరు దూరంగా గుమిగూడి చూస్తున్నారు.

చాలాసేపటికి డోలు మోగింది. నెత్తిన నీళ్ళు పోసేటప్పుడు కొట్టే ఒక్కటే డోలు. వాళ్ళ పేట డోలు మా చెవిన పడితే మావాళ్ళు వీపు తిప్పేస్తారు, అది ఇక్కడ ఊపిరి తీసుకున్నంత మామూలు. వెనకాల ఉన్నవాళ్ళంతా తిప్పేశారు. అత్తగారు తిప్పలేదు. చేతులు రెండూ ఏప్రన్ మీద కట్టుకుని, ముఖం ఆ మలుపుకేసే పెట్టి, డోలు ఆగేదాకా నిటారుగా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

డోలు ఆగాక ఆవిడ ముక్కు తుడుచుకుంది. "మూడో దెబ్బ ఆలస్యంగా వేస్తున్నాడు. ఎవడు నేర్పాడో."

సాయంత్రం మా పేట కెప్టెన్ అల్వారో మెట్లెక్కి వచ్చాడు. ఆయన మందుల షాపు మనిషి, మెత్తటివాడు, కానీ పందెం రోజుల్లో ఆయన మాటే శాసనం. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"వెలియా గారూ, నాకేమీ లేదు, జనం అడుగుతున్నారు. మీరు అవతల అడుగుపెట్టారా?"

"నా బూటు రాయి దాటిందేమో వెళ్ళి మనుషుల్ని అడుగు."

"అవతలివాళ్ళతో మాట్లాడారా?"

"నేను మాట్లాడింది మా అల్లుడితో. అతను గ్రోస్సేతోవాడు. గ్రోస్సేతోతో మాట్లాడకూడదని కొత్త రూలేమైనా పెట్టావా?"

అల్వారో నా వంక చూశాడు. నేను వీలైనంత గ్రోస్సేతో ముఖం పెట్టాను. "మరి డోలు మోగితే..."

"నిలబడ్డాను. ఊరొదిలిపోయిన పిల్ల ఇన్నేళ్ళకి ఇల్లు చేరింది. ఏ పేట పిల్లైతేనేం. నీకు నచ్చకపోతే వంటశాల తాళాలు అదిగో ఆ మేకుకున్నాయి, తీసుకో. ఇంత మందికి పీచి ఎవరు చేస్తారో చూసుకో."

అల్వారో మేకుకేసి చూశాడు, తాళాలకేసి చూశాడు, పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నెకేసి కూడా చూశాడు. "రేపు ఉల్లిపాయలు ఎన్ని బస్తాలు పంపమంటారు?" అన్నాడు. కూర్చుని ఒక గ్లాసు తాగి వెళ్ళాడు.

బెన్వా దంపతులు వచ్చేసరికి చీకటి పడింది. ఫోస్కా రాయి దాకా తెచ్చి, నాకు అప్పజెప్పి వెళ్ళింది. ఆయన జుట్టు ఇంకా తడిగా ఉంది. రుమాలు మెడలో ఉంది. ఇంటి మెట్ల దగ్గర ఆగి దాన్ని విప్పబోయాడు.

పైనుంచి అత్తగారి గొంతు వినబడింది. "అల్లుడూ, విప్పితే భోజనం లేదని చెప్పు."

ఆ రాత్రి ఆవిడ బెన్వాతో ఒక్క మాట మాట్లాడలేదు. అవతలివాడు కదా, మట్టి రోజులు. అంతా నాతోనే. "అల్లుడూ, ఆయన పళ్ళెం ఖాళీ, కనబడ్డం లేదా?" "అల్లుడూ, నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడుగు." "అల్లుడూ, ఎవరు పోశారో అడుగు." బెన్వా కూడా ఇట్టే పట్టేశాడు. "దారియో, పేట పెద్దగారే పోశారని మీ అత్తగారికి చెప్పండి. ఈ కూరలో ఉప్పు సరిగ్గా సరిపోయిందని కూడా చెప్పండి." అత్తగారు నవ్వు ఆపుకోవడానికి వైన్ గ్లాసు ఎత్తేసింది. మార్తీన్‌తో మాత్రం హాయిగా మాట్లాడింది, మార్తీన్‌కి ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

మర్నాడు పొద్దున ఫ్లోరెన్స్ బస్సు నాదే. యూనిఫాం వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అత్తగారు సంచీ నిండా పన్‌ఫోర్తే, సీసాలు సర్ది తెచ్చింది. బస్టాండు అవతలి చివర ఇంకో సంచీ పట్టుకుని ఫోస్కా నిలబడి ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూడలేదు. రెండు సంచుల్లోనూ ఉన్నది ఒకే మిఠాయి, ఒకే బల్ల మీద నేర్చుకున్నది.

బెన్వా ఫోస్కా దగ్గరికెళ్ళి సంచీ తీసుకుని, రెండు బుగ్గలూ ముద్దుపెట్టించుకుని, ఇటొచ్చి బస్సు మెట్టు మీద నిలబడ్డాడు.

అత్తగారు నాకేసి చూసింది. "అడుగు. ఈసారి మేమూ వాళ్ళూ ఇద్దరం పందెంలో ఉన్నాం. ఎవరికోసం మొక్కుకుంటాడట?"

నేను అడగక్కర్లేకపోయింది. "అమ్మ పేట కోసం" అన్నాడు బెన్వా, నాకేసే చూస్తూ.

"ఇంకోలా చెప్పుంటే చెంప పగిలేది" అంది అత్తగారు, నాకేసే చూస్తూ.

నేను ఇంజను స్టార్ట్ చేశాను. మార్తీన్ లోపల కూర్చుంది. బెన్వా ఇంకా మెట్టు మీదే ఉన్నాడు. అత్తగారు ఆయన మెడలోని ముడి వంక చూస్తోంది. అది ఒక పక్కకి ఒరిగిపోయి, వదులుగా వేలాడుతోంది. పేట రుమాలు కట్టడానికి ఒక పద్ధతుంది, బెల్జియం నుంచి వచ్చినవాడికి అది ఒక్క రోజులో రాదు.

ఆవిడ సంచీ కింద పెట్టింది. మెట్టెక్కి, ఉత్త చేతుల్తో ఆ ముడి విప్పింది. చిరుగుపట్టిన సిల్కుని వేళ్ళతో సాపు చేసి, కొసలు సమంగా వచ్చేలా మళ్ళీ కట్టి, మెడ వెనక మడత సరిచేసి, అరచేత్తో ఒకసారి తట్టింది, మొన్న కాంపోలో మట్టిని తట్టినట్టే. అటు చివర ఫోస్కా మొదటిసారి ఇటు తిరిగి సూటిగా చూసింది.

అత్తగారు మెట్టు దిగి నా కిటికీ పక్కకి వచ్చింది. "నువ్వేమీ చూళ్ళేదు."

"నేను గ్రోస్సేతోవాణ్ణి అత్తయ్యా" అన్నాను. "నాకేం తెలుస్తుంది?"

తలుపు మూసి బస్సు తీశాను.